నేల మీద కూర్చున్నావిడ

ఆ సాయంత్రం మా మ్యూజియంలో కార్యక్రమం నేనే నడిపాను. పాత బడి ఫొటో ఒకటి పెద్దది చేసి గోడకు పెట్టాం. ఊళ్లోవాళ్లు మైకు దగ్గరికొచ్చి, గుర్తుపట్టిన మనిషి పేరు చెబుతారు. నేను చీటీ మీద రాసి ఆ ముఖం కింద అంటిస్తాను. తొమ్మిదయ్యేసరికి కుర్చీల్లో కూర్చున్న పంతుళ్లందరికీ పేర్లొచ్చాయి. చివర్న, చీపురు ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్నావిడకు మాత్రం రాలేదు.

"ఊడ్చే మనిషండీ. పేరెవరికి గుర్తుంటుంది?" అన్నారు ఆఖర్న మాట్లాడిన రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆవిడ ఊడ్చిన గచ్చు మీదే ఆయన అక్షరాలు దిద్దారు. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆరడుగుల మనిషి కదా, ఆయన కోసం మైకు స్టాండు బాగా పైకి లేపాల్సొచ్చింది.

అందరూ వెళ్లాక తలుపు గడియ పెట్టాను. మనసు ఊరుకోలేదు.

"ఏమనుకోకమ్మా, వచ్చే నెల మళ్లీ అడుగుతాను" అని ఫొటోకు చెప్పి, కుర్చీలు లోపలి గదిలో పేర్చడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి స్టాండు కిందికి దిగి ఉంది. నేల మీద కూర్చున్న మనిషి నోటికి మైకు సరిగ్గా అందేంత కిందికి. జారిందేమోనని చూశాను. మర గట్టిగా బిగించే ఉంది.

హాల్లో చప్పుడు లేదు. స్పీకరు మాత్రం సన్నగా గుయ్యిమంటోంది. పారిపోదామనే అనుకున్నాను. కానీ ఇన్నేళ్లకు ఆవిడ వంతు వస్తే, నేనెలా వెళ్లిపోను?

చీటీ, పెన్ను తీసుకుని నేల మీదే కూర్చున్నాను.

"చెప్పమ్మా, రాసుకుంటాను."

స్పీకర్లో ఎవరో గొంతు సవరించుకున్నారు.