కారుకు కాడి

ఆ మనిషి కారు బానెట్ కింద చేయి పెట్టి ఉండగా కాశీనాథ్ వెనకనుంచి మెడ పట్టుకున్నాడు.

"ఏందిరా అది చేతిల?"

మనిషి గుప్పిట విప్పాడు. ఉసిరికాయంత నల్లని ముక్క.

"తీస్తలేను సేటూ. పెడుతున్న."

"దొరికినోడు ప్రతివాడు పెడుతున్ననే అంటడు!"

చేవెళ్ల సంతలో నలుగురు పోగయ్యారు. మనిషికి అరవై ఏళ్లుంటాయి. తెల్ల మీసాలు. ఎడమ చెవి అంచు తెగి ఉంది. ఎవరికీ తెలిసిన మనిషి కాదు.

"జర ఇను సేటూ. హ్యాండిల్ పట్టుకపోతే బండి కదలదనుకుంటున్నవు..."

"నాకు నేర్పుతున్నవా?"

చెంప ఛెళ్లుమంది.

కాశీనాథ్‌ది మొయినాబాద్‌లో బట్టల వ్యాపారం. ఇరవై ఏళ్లు ఎడ్లబండి మీద సంతలు తిరిగాడు. సంతలో బండి ఆపితే కాడి విప్పి దుకాణం దగ్గరే పెట్టుకునేవాడు. కాడి లేని బండిని ఎవడూ తోలుకుపోలేడు.

రెండు నెలల కిందట భార్య సుమిత్రమ్మ నగలు, ఎంకపల్లి చెలక భూమి అమ్మి పట్నంలో ఈ పాత కారు కొన్నాడు. సంతరోజున దుకాణం సరుకు, మిగతా రోజుల్లో శంకర్‌పల్లి స్టేషన్ కిరాయిలు. ఇక ఇల్లు నడవాలన్నా, మునగాలన్నా అదే.

స్విచ్చుకు తాళం లేదు. అయితేనేం, ముందు నుంచి దూర్చి ఇంజను తిప్పే హ్యాండిలే కారుకు కాడి అని లెక్క వేసుకున్నాడు. ఎక్కడ ఆపినా హ్యాండిల్ చంకన పెట్టుకుని పోయేవాడు.

"అమీన్ సాబ్‌కు అప్పజెప్పు సేటూ," అన్నాడు గుంపులో ఒకడు.

కాశీనాథ్ ఆలోచించాడు. ఠాణా అంటే సాక్ష్యాలు, వాయిదాలు. నాలుగు సంతలు పోతాయి. గిట్టదు.

"యాడ తీసినవో ఆడనే పెట్టు. మళ్ల ఈ సంతల కనవడితే కాళ్లిరుగుతయి."

మనిషి ముక్కను పెట్టాడు. బానెట్ దించి, చొక్కా చెరగుతో దాని మీది వేలిముద్రలు తుడిచాడు.

"పోతున్న. ఒక్కటి చెప్పి పోత. వచ్చే సంతకు బండి ఈడ పెట్టకు."

"బెదిరిస్తున్నవారా?"

మనిషి ఏదో చెప్పబోయాడు. చుట్టూ ఉన్నవాళ్లను చూసి ఊరుకున్నాడు. చెంప పట్టుకుని బస్సు ఆగే వైపు నడిచాడు.

ఆ వారమంతా కాశీనాథ్‌కు తిండి సయించలేదు. కుక్క మొరిగితే లేచాడు. ఆకు రాలితే లేచాడు. ఎద్దులను కట్టే గొలుసు వెతికి తీశాడు.

సంతరోజున కారు ముందు చక్రాన్ని గొలుసుతో రాతి కంబానికి కట్టాడు. హ్యాండిల్ తీసుకున్నాడు. రబ్బరు హారన్ పీకాడు. సీటు మెత్త కూడా నెత్తిన పెట్టుకున్నాడు.

వెంట వచ్చిన సుమిత్రమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఆ నాలుగు గిర్రలు కూడా ఊడదీయరాదు? దుకాణంల వరుసగ పెట్టుకుందుము."

"నగలు నీయే గదనే. నీకు ఫికర్ లేదా?"

"నగలు పోయినయి. కారన్న ఉన్నదనుకుంటున్న. నువ్వు ముందు దుకాణం చూడు."

దుకాణంలో బట్ట కొలుస్తూ మెడ సాచి చూశాడు. కత్తెర పక్కకు పోయింది.

"బట్ట కొలుస్తున్నవా, కారును కొలుస్తున్నవా సేటూ?" అన్నాడు కొనేవాడు.

రెండుసార్లు పోయి చూసి వచ్చాడు. గొలుసు ఉంది. కారు ఉంది.

మూడోసారి గొలుసు ముక్కలే ఉన్నాయి.

"ఇద్దరు వచ్చిన్రు సేటూ," అంది పక్కన కూరగాయలమ్మే అంతమ్మ. "గొలుసు కోసిన్రు. సేటే తోలుకరమ్మన్నడన్నరు."

"హ్యాండిల్ నా దగ్గరుంటే ఎట్ల తోలుకపోయిన్రు?"

"వాగు దిక్కు పల్లం కాదా! తోసిన్రు. సగం దూరం పోంగనే బుర్రుమన్నది."

కాశీనాథ్ దుకాణానికి తిరిగొచ్చి కారు మెత్త మీద కూర్చున్నాడు.

ఈసారి ఠాణా తప్పలేదు. దొంగ ఎవడో తనకు తెలుసునన్నాడు. ముందే బెదిరించి పోయాడన్నాడు. ఆనవాళ్లన్నీ రాయించాడు. ఇంజను నంబరు కావాలన్నారు. అదెవరికి తెలుసు?

మర్నాడు పట్నం పోయి, తనకు కారు అమ్మిన వకీలు గారి భార్య రుక్మిణమ్మ ముందు నిలబడ్డాడు.

"దొంగ దొరుకుతడమ్మా. నంబరు ఒక్కటి చెప్పున్రి," అని తన దగ్గరున్న నకలు చదివి వినిపించాడు. "అరవై ఏండ్లు. తెల్ల మీసాలు. ఎడమ చెవి అంచు తెగింది. అంతకుముందు సంతల బానెట్ కింది నుంచి నల్లని ముక్క తీస్తుంటే పట్టుకున్న..."

"ఆగు." రుక్మిణమ్మ ముఖం మారింది. "దొంగను రాయమంటే మా బీరయ్యను రాయించినవేంది?"

"బీరయ్య ఎవరమ్మా?"

"తొమ్మిదేండ్లు ఆ బండి నడిపినోడు. మా ఆయన కచేరిలకు పోంగనే ఆ ముక్క తీసి జేబుల ఏసుకునేటోడు. వచ్చేటాళ్లకు మళ్ల పెట్టేటోడు. అది లేకుంటే ఎంత తోసినా ఇంజను లేవదు."

కాశీనాథ్ చేతిలో కాగితం మడత పడింది.

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"కొన్ననాడే డ్రైవర్ గీవర్ ఒద్దంటివి. ఎదురువడితే కొలువు అడిగినట్టయితదనుకున్నడేమో."

"ఇప్పుడు యాడున్నడు?"

"మా వెనక అర్రలనే ఉంటుండె. నిన్నటి సంత గాక, అంతకుముందు సంతనాడు చెంప వాచి వచ్చిండు. అడిగితే పన్ను నొప్పన్నడు. తెల్లారి మూట గట్టుకొని పోయిండు. ఏ ఊరో చెప్పలేదు."

కాశీనాథ్ ఆ నకలును జేబులో దాచుకున్నాడు.

"బండి అమ్మిన వారం నుంచి సంతనాడు సంతనాడు చేవెళ్ల బస్సెక్కి పోతుంటే," అంది రుక్మిణమ్మ, "నువ్వే వానికి జీతమిచ్చి కావలి పెట్టుకున్నవనుకున్న సేటూ."