లేతదంతా నీకే

“తీసుకోరా దహ్మాన్, వెన్నలా ఉంది!” అంటూ ముక్బిల్ తన కట్టలోంచి లేత కాత్ రెమ్మ తెంపి, గదిలో ఎదురుగా కూర్చున్న స్నేహితుడి ఒళ్ళోకి విసిరాడు.

మత్తునిచ్చే ఆ కాత్ ఆకు నమలడం మానేశాక కూడా దహ్మాన్ రోజూ మధ్యాహ్నం అందరూ కూడి కాత్ నమిలే ఈ గదికే వస్తున్నాడు. ఎండుద్రాక్ష నములుతూ కబుర్లు చెబుతున్నాడు. సనా నగరంలో వాణ్ణి మెచ్చుకోనివాళ్ళు లేరు. “ఆయన్ని చూసైనా నేర్చుకోండి” అని భోజనం దగ్గర భార్య అన్న మాట ముక్బిల్ ఒళ్ళు ఇంకా మండిస్తోంది. ఒక్క రెమ్మ వాడి నోట్లో పడితే చాలు!

ఇంకోటి విసిరాడు. మరోటి.

దహ్మాన్ వాటిని పక్కన కుప్ప పెడుతూ నవ్వాడు. “నన్ను మళ్ళీ ఇందులోకి దింపాలనేగా నీ తాపత్రయం?”

“ఛ! మర్యాదకి ఇస్తుంటే...”

“వారం నుంచీ లేతదంతా నాకే విసురుతున్నావు. ముదురాకు నీకు సయించదు. మరి నువ్వేం నములుతున్నావురా? ఓసారి బుగ్గ తడుముకో.”

ఈ వేళకి నమిలిన ఆకు ముద్దతో నిమ్మకాయంత ఉబ్బాల్సిన బుగ్గ. ముక్బిల్ వేలితో నొక్కి చూసుకున్నాడు. పళ్ళు తగిలాయి.

కట్టలో మిగిలిన ఒకే ఒక్క లేత రెమ్మ తెంపాడు.

“ఇదీ నీకే, వెధవా!” అని విసిరేసి చెయ్యి చాపాడు. “ఆ ఎండుద్రాక్ష ఇలా పడెయ్.”