గిన్నె పడితే గోలే

వంటింట్లో గిన్నె పడింది. ఇంకేముంది, టీవీలో నీలం జట్టు గోల్ కొట్టింది.

"చూశారా? చూశారా!" సోఫాలోంచి ఎగిరి గంతేశాడు ఎవారిస్తో. "ముందు గిన్నె పడుతుంది, ఆ వెనకే మన కొంప మునుగుతుంది. ఇవాళ్టిదా ఇది? పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే వరస. నా పెళ్లాం చెయ్యి శని చెయ్యి!"

ఆకుపచ్చ చొక్కాల స్నేహితులు పాపం అన్నట్టు తలలూపారు. పరానా ఊళ్లో మనుషులు మతమైనా మార్చుకుంటారేమో గానీ జట్టు మార్చుకోరు. ఎవారిస్తో తాత ఆకుపచ్చ, తండ్రి ఆకుపచ్చ, ఆఖరికి వీధి తలుపు కూడా ఆకుపచ్చే.

ఇర్మా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "సబ్బు చేతులయ్యా, జారింది. నేనేమైనా కావాలని పడేశానా?"

"ఏమో ముసల్దానా, నాకు తెలీదు. వచ్చే ఆదివారం ఫైనల్ కూడా వాళ్లతోనే. ఆ రోజు నువ్వు నొగొయాలో మీ చెల్లెలింటికి పో. ఆట అయ్యాక రా."

ఇర్మాకు కడుపు మండిపోయింది. ఆ చెల్లెలు మహా భక్తురాలు. ఆదివారం ఆ ఇంట్లో జపమాల తిప్పడం తప్ప మరో మాట ఉండదు. ఊరంతా పండగ చేసుకునే రోజున తన ఇంట్లోంచి తననే తరిమేస్తాడా?

మర్నాడు పొద్దున్నే మొగుడికి మాతే ఆకుల టీ కాచి ఇచ్చి, పక్కన కూచుంది.

"ఏమయ్యా, గిన్నె పడిన చప్పుడు నీకు వినపడకపోతే?"

ఎవారిస్తో రెండు గుక్కలు తాగి, పెద్ద జడ్జీలా ఆలోచించాడు. "వినపడకపోతే పడనట్టే."

"అయితే నేనెక్కడికీ పోను. నీ టీవీ గదికి ఆ చెక్క ప్యానెల్స్ పెట్టిద్దాం. నువ్వు ఏడాదిగా సణుగుతూనే ఉన్నావుగా."

ప్యానెల్స్ బిగించడానికి తులియో వచ్చాడు. వాల్‌నట్ రంగు పట్టీలు, వాటి వెనక నల్లటి మెత్త. ఇర్మా అతని వెన్నంటే నిలబడింది. రసమట్టం పెట్టి చూసింది. ఒక పట్టీ వెంట్రుకవాసి ఒరిగిందని విప్పించి మళ్లీ పెట్టించింది. స్విచ్ చుట్టూ కోత సరిగ్గా కుదిరేదాకా ఊపిరాడనివ్వలేదు.

"ఇవి అందానికమ్మా," అన్నాడు తులియో. "గదిలో మాట మారుమోగకుండా ఆపుతాయంతే. వంటింటి చప్పుడు ఆగాలంటే ఆ గోడకి మందంగా ఉన్ని కూరాలి, తలుపు బరువైంది వెయ్యాలి, అంచులకి రబ్బరు పట్టీ బిగించాలి."

"అన్నీ కానీ నాయనా. తలుపు కింద సందు కూడా వదలకు. వంటింట్లో పిడుగు పడినా ఆయనకి తెలియకూడదు."

తులియో ఎవారిస్తో వైపు తిరిగాడు. "ఇలాంటి ఇల్లాలు దొరకాలంటే పెట్టి పుట్టాలయ్యా. నా పెళ్లాం ఫైనల్ రోజునే పుట్టింటి బలగాన్నంతా భోజనానికి పిలుస్తుంది!"

పని పూర్తయింది. నున్నగా దువ్విన తలలా ఉంది గోడ. అతుకు ఎక్కడుందో తులియోకే కనపడలేదు. ఎవారిస్తో లోపల కూచుని తలుపేసుకున్నాడు. ఇర్మా వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి వచ్చి తలుపు తీసింది.

"ఏం వినపడింది?"

"మొదలెట్టావా అసలు?"

"మొదలెట్టడమేంటి! గిన్నెలన్నీ కింద పారేశాను. గొంతు చించుకుని నీ పేరు పెట్టి తిట్టాను కూడా."

"ఒక్క తిట్టు వినపడితే ఒట్టు!"

ఎవారిస్తోకు కళ్లు చెమర్చాయి. ఈ బంగారాన్నా తను శని అన్నది? ఆమె నుదుటి మీద ముద్దు పెట్టాడు. "నాకోసం ఎంత చేశావే!"

"చాల్లే, ఎవరైనా చూస్తారు," అంది ఇర్మా సిగ్గుపడుతూ.

ఆదివారం స్నేహితులు బిలబిలమంటూ దిగారు. ఇర్మా మాంసం కూరిన వేడివేడి ఎంపనాదాలు లోపల పెట్టింది. "ఆట అయ్యేదాకా తలుపు తియ్యకండి, మీకు పుణ్యముంటుంది," అని తనే తలుపు లాగింది. సరిగా పడిందో లేదోనని ఇంకోసారి తోసి చూసుకుంది.

లోపల ఆట హోరాహోరీగా సాగుతోంది. ఇంతవరకూ ఎవరికీ గోల్ లేదు. నీలం వాళ్లు బంతి తీసుకుని దూసుకొస్తున్నారు. ఎవారిస్తో చెవులు రిక్కించాడు. వంటింట్లోంచి చిన్న అలికిడి కూడా లేదు.

"భయం లేదర్రా!" అన్నాడు తొడ చరుస్తూ. "ఇవాళ గెలుపు మనదే!"

సరిగ్గా అప్పుడే గోడకు అవతల, టీవీ కంటే ఒక్క క్షణం ముందుగా కబురు మోసుకొచ్చే బుల్లి రేడియోను చెవికి ఆనించుకున్న ఇర్మా, కాపురానికి వచ్చాక మొట్టమొదటిసారి, గిన్నె జారవిడిచే పని లేకుండా, నోరారా, ఎవరికీ జడవకుండా అరిచింది: "గో...ల్! కొట్టార్రా నా నీలం తండ్రులు!"