ఎనామెల్ మీద లాకర్

అద్దాల అరలో తన ఎర్ర కారు పక్కకు జరిగి ఉంది.

ఇంద్రసేన కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. నిజమే. తన కారు పక్కన ఇంకో కారు ఇరుక్కుని కూర్చుంది.

"రాజేందర్, నా కారును ఎవరు జరిపిన్రు?"

"నేనే అన్నా. జర జాగ ఇచ్చిన, అంతే."

అబిడ్స్‌లో రాజేందర్‌ది కిట్ల దుకాణం. ముక్కలు అతికించి, రంగులేసి చేసుకునే ప్లాస్టిక్ కార్లు అమ్ముతాడు. అన్నీ కార్టూన్ కార్లే. పొట్టి ఒళ్లు, పెద్ద చక్రాలు, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు. చేసినవాళ్లు తమ కార్లను దుకాణం అద్దాల్లో పెడతారు. నడిమి అర మాత్రం ఏటా పోటీలో గెలిచినవాడిది.

ఏళ్లుగా అది గన్‌ఫౌండ్రీ ఆడిటర్ ఇంద్రసేనదే.

అతని కార్లు అద్దంలా మెరుస్తాయి. మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు.

కొత్త కారు బూడిద రంగులో ఉంది. ఒళ్లంతా దుమ్ము. ఒక డోరుకు సొట్ట. టాపు మీద చుట్టిన పరుపు, దాని మీద ఆకుపచ్చ బిందె. కిరాయి ఇల్లు ఖాళీ చేసి పోతున్న సంసారంలా ఉంది.

దారిన పోతున్న ఒకావిడ ఆగింది. మొగుడి భుజం తట్టింది.

"జర చూడు. అచ్చం మనమే."

ఇద్దరూ నవ్వుకుంటూ పోయారు. ఎర్ర కారు వైపు చూడనే లేదు.

ఇంద్రసేన బూడిద కారు వైపు వేలు చూపించాడు.

"ఎవడిది గీ కచరా బండి?"

"అంజన్ అని, నాంపల్లి పిలగాడు. మందుల ఏజెన్సీల పని చేస్తడు. మంచి చెయ్యి అన్నా."

"చెయ్యి మంచిదైతే దుమ్మెందుకు? తప్పులు కప్పెట్టనీకి."

అన్నాడు కానీ, వంగి చూశాడు. దుమ్ము కింద ఒక్క అతుకూ కనబడలేదు. అది ఇంకా మండించింది.

"పోటీకి వస్తున్నడా?"

"ఔ. వచ్చే ఆదివారమే కదా."

రెండు రోజుల తర్వాత దుకాణం ముందు ఆ అంజనే ఎదురయ్యాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఇంద్రసేనను చూడగానే హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"సార్, ఒక్క మాట. గంత మెరుపు ఎట్ల తెస్తరు?"

ఇంద్రసేన అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. దారిన పోయేవాళ్ల నవ్వులన్నీ దోచుకున్నాడు. ఇప్పుడు మెరుపు కూడా కావాలట.

"దుమ్ము మీద మోజు తీరిందా?"

అంజన్ ఇబ్బందిగా నవ్వాడు. "ఒక్క కారుకే సార్."

"ఏ రంగేసినవ్?"

"మీరు వాడే ఎనామెలే సార్. నీలం. నాకెప్పుడూ నీళ్లల్ల కలిపే రంగులే అలవాటు. గిది కొత్త."

"దాని మీద క్లియర్ లాకర్, గదే మెరుపు వార్నిష్, కొట్టు. ఒక్కటే పొర. మందంగ."

"ఎనామెల్ మీద లాకర్ నిలుస్తదా సార్?"

"నిలవదనుకుంటే నన్నెందుకు అడుగుతున్నవ్?"

"తప్పైంది సార్. గట్లనే చేస్త."

ఎనామెల్ మీద లాకర్ పడితే కింది రంగును తినేస్తుంది. ఇంద్రసేన ఒకప్పుడు ఒక కారు పాడుచేసుకుని మరీ తెలుసుకున్న సంగతి అది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

ఆదివారం దుకాణం మేడ మీద బల్ల నిండా కార్లు.

అంజన్ అందరికంటే ఆఖరున వచ్చాడు. అట్టపెట్టె తెరిచాడు.

నీలం కారు. పాల మీద మీగడలా రంగంతా ముడతలు పడి ఉంది. కిటికీల దగ్గర పెచ్చులు లేచాయి.



"అరె, ఎనామెల్ మీద లాకర్ కొట్టినవా ఏంది?" అన్నాడు రాజేందర్. "ఎవడు చెప్పిండు నీకు?"

ఇంద్రసేన ఊపిరి బిగబట్టాడు.

అంజన్ అతని వైపు చూడలేదు.

"ఎవ్వరు చెప్పలే అన్నా. నా తొందరనే."

పెట్టె మూసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నడిమి అర మళ్లీ ఇంద్రసేనకే దక్కింది. గెలిచినవాడు అందరికీ మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ తినిపించాలి. తినిపించాడు. తను మాత్రం రెండు చెంచాలు తిని పక్కన పెట్టేశాడు.

నెల గడిచింది. పక్కన బూడిద కారు లేదు. ఎర్ర కారు నడిమి అరలో ఒంటరిగా మెరుస్తోంది. దాని ముందు ఎవరూ ఆగడం లేదు.

ఒక సాయంత్రం ఇంద్రసేన ఉండబట్టలేక అడిగాడు.

"ఆ నాంపల్లి పిలగాడు కనబడ్తలేడేంది?"

"ఇంక రాడన్నా. రంగులు, కుంచెలు, విప్పని కిట్లు, అన్నీ నాకే ఇచ్చి పోయిండు."

"ఒక్క కారు చెడితే గింతనా?"

"అది పోటీకి చేసింది కాదట. పని నేర్పిన ఉస్తాద్ కోసం చేసిందట. ఆయన తీరుగ ఒక్క బండి చేసి, ఆయన ముందట పెట్టి మొక్కుదామనుకున్నడట. గా మెరుపు ఉస్తాద్ సొంతం, దాన్ని నకలు కొట్టొద్దనే ఇన్నొద్దులు దుమ్ము బండ్లు చేసిండట."

ఇంద్రసేనకు మళ్లీ అదే మంట. ఈసారి ఆ ఉస్తాద్ మీద. ఇన్నేళ్లలో తనకు అలాంటి శిష్యుడు ఒక్కడూ దొరకలేదు.

"గంత మొనగాడా ఆ ఉస్తాద్? ఎవరు? ఖైరతాబాద్ దిక్కోడా?"

రాజేందర్ దుకాణం అద్దం వైపు చెయ్యి చూపించాడు.

"ఏండ్ల సంది నాంపల్లి నుంచి వచ్చి, గీ అద్దం బయట నిలబడి, మీ కార్లు చూసుకుంటనే పని నేర్చుకున్నడన్నా, మీరు చెప్పినట్టే లాకర్ కొట్టినా బండి చెడిందంటే, లాకరే తప్పని నేనెంత చెప్పినా ఇనకుండ, లోపం తన చేతులల్లనే ఉన్నదన్నడు."