మోరీ నీళ్లకు చప్పట్లు

మా కాలనీ హాల్లో ప్రతి శనివారం సాయంత్రం ‘ఐదు నిమిషాల ముచ్చట్లు’ జరుగుతాయి. ఎవరైనా మాట్లాడొచ్చు. వినేవాళ్లందరి చెవుల్లో బిళ్లలుంటాయి. తిట్టినా ఏడ్చినా ఆ బిళ్ల దాన్ని హుషారైన ముచ్చటగా మార్చి వినిపిస్తుంది. నాకూ ఒకటిచ్చారు గానీ నేనెప్పుడూ పెట్టుకోలేదు.

నేను నల్లా నీళ్లు వదిలే లైన్‌మన్‌ని. నిన్న మూడోసారి వేదికెక్కాను.

“పైపు పగిలి నల్లా నీళ్లల్ల మోరీ మురుగు కలుస్తున్నది. తాగకుండ్రి! పిల్లలకు వాంతులైతున్నయి, కనవడ్తలేదా?”

హాలంతా పగలబడి నవ్వింది. ముచ్చట్లు నడిపే స్వరాజ్యం మేడం మూడో శాలువా కప్పింది.

“ఓదెలన్నా, కడుపుబ్బ నవ్విచ్చినవ్ పో! వచ్చే శనివారం గూడ రావాలె.”

“మేడం, నీకు దండం పెడ్త, గా బిళ్ల తీసి ఇను!”

ఆమె కళ్లు తుడుచుకుంటూ ఇంకా నవ్వింది. గోడలకు చీటీలు అంటించి కూడా చూశాను. చదివే ఓపిక ఎవరికీ లేదు, వాటినీ బిళ్లే హుషారుగా మార్చి చదివి పెడుతుంది.

ఒళ్లు మండిపోయి, ఇంటికి వస్తూ కాలనీ మొత్తానికీ వాల్వు బంద్ చేశాను.

పొద్దున్నే ఖాళీ బిందెలతో అందరూ మా వాకిట్లోకి వచ్చారు. అందరికంటే ముందు స్వరాజ్యం మేడమే ఉంది. చేతులు తిప్పుతూ, బిందెలు నేలకేసి కొడుతూ ఒకటే అరుపులు. నేను మూడు శాలువాలూ కప్పుకుని, వాల్వు తిప్పే రాడ్డు ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. నా బిళ్ల తీసి మొదటిసారి చెవిలో పెట్టుకున్నాను.

ఎంత బాగా మాట్లాడారనీ! చివరిదాకా విని, చప్పట్లు కొట్టాను.