దోసెడు తాగి చెప్పు

ఇట్లా దగ్గరికి జరగండి, గట్టిగా చెప్పే ఓపిక లేదు. మేకల మస్తాన్బీ ఆఫీసరుకు ఎదురు నిలబడ్డ సంగతి ఇది.

ఎనభై రెండు ఎండాకాలం. సీతారామపురం అవతల వాగు ఒడ్డున ఆత్మకూరు నుంచి వచ్చి జనార్దనయ్య తోళ్ల షెడ్డు పెట్టాడు. తోళ్లు నానబెట్టిన నీళ్లన్నీ వాగులోకే వదిలేవాడు.

మేకలు వాగులో మూతి పెట్టి వెనక్కి వచ్చేసేవి. మస్తాన్బీకి ఆ మేకలే బతుకు.

షెడ్డుకు లైసెన్సు ఇవ్వాలంటే ఊరి మాట కావాలని ఆఫీసరు వచ్చాడు. బడి అరుగు మీద మీటింగు.

"నీళ్లకేం కాలేదు సార్," అన్నాడు జనార్దనయ్య.

మస్తాన్బీ వాగు నీళ్ల బిందె తెచ్చి ఆయన ముందు దించింది.

"వాగు సంగతి మాట్లాడాలంటే ముందు దోసెడు తాగాల. తాతల కాడ్నించి మా ఊరి కట్టుబాటు. తాగి చెప్పు నాయనా."

"నాకు జలుబమ్మా."

"సారూ, మీరు?"

ఆఫీసరు రుమాలుతో ముక్కు మూసుకున్నాడు. "మీరు తాగుతున్నారా మరి?"

"పోయినేడు దాకా తాగినాం. ఇప్పుడు మా మేకలే తాగడంలా. అవి ఒప్పుకోందే మేం వేలిముద్ర వెయ్యం."

"ఊరికొచ్చే పనికి అడ్డం పడుతున్నావు," అన్నాడు ఆఫీసరు.

"అడ్డంగానే నిలబడుండా. అట్నే రాసుకోండి."

అంతలో జనంలోంచి ఒక ముసలాయన ముందుకొచ్చాడు. ఊళ్లో ఎవరూ ఎరగని మనిషి. బిందెలో దోసిలి ముంచి గటగటా తాగేశాడు.

మస్తాన్బీకి ఒళ్లు మండింది. నీళ్లు మంచివేనని చూపించడానికి జనార్దనయ్య తెచ్చుకున్న మనిషి అనుకుంది.

"ఎవురు తోలితే వచ్చినావయ్యా? పో అవతలకి."

"తాగినాను గదమ్మా. నా మాట చెప్పి పోతా."

ఆఫీసరు వైపు తిరిగాడు.

"ఇవి గొడ్డు తాగే నీళ్లు కావు. ఆ షెడ్డు ఈడ ఉండకూడదు. రాయండి."

జనార్దనయ్య తల వంచుకున్నాడు. ఊరంతా వద్దంటూ చేతులెత్తింది. ఆఫీసరు అదే రాసుకున్నాడు.

ముసలాయన దగ్గుకుంటూ బస్సు రోడ్డు పట్టాడు. కూర్చోమన్నవాళ్లు లేరు.

వానలు పడకముందే జనార్దనయ్య షెడ్డు విప్పుకుపోవడానికి లారీ తెచ్చాడు. తల గుండు చేయించుకుని ఉన్నాడు.

మస్తాన్బీ మేకల్ని ఆపింది. "ఎవురు పోయినారు నాయనా?"

"మా నాయన. పిచ్చయ్య."

ఆమె అయ్యో అనబోయింది. "ఆరోజు నీ బిందెలో దోసిలి ముంచింది ఆయనే," అన్నాడు జనార్దనయ్య.

మీరీ కథ ఎవరికి చెప్పినా ఆ పేరు వదలకుండా చెప్పండి. ఆరోజు మస్తాన్బీ పొమ్మన్నది ఆ పిచ్చయ్యనే, కన్నకొడుకు ముందే ఆ నీళ్లు తాగి వాగు తరఫున మాట్లాడింది ఆయనే.