వార్పు కొసలు

"బ్లేడు యాడుండాదక్కా?" మగ్గం గుంతలోంచి తలెత్తకుండానే అడిగాడు తిరుపాల్.

నీలావతి చప్పున అతని వైపు చూసింది. వార్పు మీద, అంటే మగ్గానికి పరిచిన నిలువు పోగుల మీద, ఆఖరి చీర ముగిసింది. ఇక పాత పోగుల కొసల దగ్గరే అంతా తేలిపోతుంది. పనిలో ఉండేవాడైతే ఆ కొసలను మగ్గానికే వదిలి, కొత్త వార్పు పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతుకుతాడు. మానేసేవాడు కొసలు కోసి యజమాని చేతిలో పెడతాడు. ధర్మవరంలోని ఆ వీధి నేతగాళ్లు రేపట్నుంచి రామని నోటితో చెప్పరు.

భర్త పోయాక ఆమె నడుపుతున్న షెడ్డులో నాలుగు మగ్గాలుంటే మూడు అలాగే ఖాళీ అయ్యాయి. అటూ ఇటూ షెడ్లు పోయి అంగళ్లు లేచాయి. వెళ్లినవాళ్లంతా పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ఉన్నారు. తిరుపాల్‌కూ పిలుపొచ్చింది. చేరడానికి ఈ రోజే ఆఖరు. మధ్యాహ్నం షిఫ్టు బస్సు కాసేపట్లో వీధి చివరికి వస్తుంది.

"నిన్న తాళమేసి యాడికి పోయినావక్కా? చానాసేపు అరుగు మీదే కూచున్నా."

"హిందూపురంలో చుట్టాలింటికి." నీలావతి బ్లేడు అందించి, బొటనవేలికున్న నీలం మరకను కొంగుతో తుడుచుకుంది. "పాపమ్మ ఏమంటాంది?"

"నా పెండ్లామా? పొమ్మనే అంటాది. నెల తిరిగేసరికి జీతం, క్యాంటీన్ కూడు. పొద్దున్నే సంచి కూడా సర్దిచ్చింది."

గోడవార ఉన్న ఆ సంచిని ఆమె పొద్దున్నుంచీ చూస్తూనే ఉంది. అడగాలంటే భయం, అడక్కుండా కూర్చోవాలంటే అంతకన్నా భయం.

"పోవాలంటే పో అబ్బా. నా గురించి ఆలోచించొద్దు. నేనేమీ అనుకోను."

"నువ్వు ఇట్లే అంటావని నాకు తెలుసులే."

వీధి చివర బస్సు హారన్ కొట్టింది. తిరుపాల్ బ్లేడును కొసల మీదికి తెచ్చాడు. నీలావతి కళ్లు మూసుకుని కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది.

కళ్లు తెరిచేసరికి అతను చీరను మాత్రమే కోసి, మడిచి ఆమె ఒళ్లో పెడుతున్నాడు. కొసలు మగ్గం మీదే ఉన్నాయి. బస్సు మలుపు తిరిగి వెళ్లిపోయింది.

నీలావతి గోడకు జారగిలబడింది. కన్నీళ్లు ఆగలేదు.

"ఎందుకక్కా ఏడుస్తాండావు? నేను యాడికీ పోను. అన్న పోయినాక ఇంకొకరైతే షెడ్డు మూసేసేవాళ్లు. నువ్వు మెళ్లో బంగారం కుదవపెట్టి పట్టు తెచ్చినావు. బెంగళూరు అంగళ్లన్నీ తిరిగి చీరలు అమ్మినావు. నేల నీది, పెట్టుబడి నీది, తెగువ నీది. నాకాడ ఉండేది ఈ రెండు చేతులే. అవి కూడా ఎత్తుకొని పోతే నీకేం మిగులుతాది?"

మానేసినవాళ్ల మగ్గాలకని ఎప్పుడో తెచ్చి మూలన పెట్టిన వార్పును తిరుపాల్ లాక్కున్నాడు. గుంతలో కాళ్లు పెట్టి, మొదటి పోగును పాత కొసకు మెలిపెట్టి అతికాడు.

ఆ గుంత ఉన్న నేలను నీలావతి నిన్ననే వేలిముద్ర వేసి అమ్మేసింది.